నాలుగు వేళ్ళ ఎడం

మూడో తూటా పేలగానే, అందరూ పిట్ట అని పిలిచే అమ్మాయి రైఫిల్‌ని మెల్లగా చాప మీదికి దించి, కుడి కనుబొమ్మని అరచేత్తో నొక్కి పట్టుకుంది.

"మళ్ళీ తగిలిందా?" అన్నాడు కోచ్ వెనకనుంచి.

"తగల్లేదండీ, ముద్దు పెట్టింది," అంది పిట్ట, బోర్లా పడుకునే. "దీనికి నేనంటే కాస్త ప్రేమ ఎక్కువ."

పక్క చాపల మీదివాళ్ళు నవ్వారు. కోచ్ నవ్వలేదు. దూరాన ఉన్న గురికాగితాన్ని దగ్గరగా చూపించే గొట్టానికి కన్ను ఆనించి చాలాసేపు చూశాడు. ఒకటి కింద పడింది. ఒకటి పక్కన పడింది. మూడోది కాగితం మీదే లేదు.

"కన్ను మూసేస్తున్నావమ్మా. పేలకముందే మూసేస్తున్నావు. కళ్ళు మూసుకుని కాల్చే మనిషిని నేను జట్టులోకి ఎలా తీసుకోను?"

మేస్త్రమ్మ అప్పటికే దూదీ మందుసీసా పట్టుకుని వస్తోంది. క్లబ్బులో రైఫిళ్ళు బాగుచేసే గది ఆమెది. మూడు నెలల కిందటి వరకూ ఆ గది ఆమె అన్నయ్యది. ఆయన్ని మేస్త్రి అనేవారు. ఆయన పోయాక, ఆ పక్కనే ముప్పై ఏళ్ళుగా రైఫిల్ గొట్టాలు తుడిచీ తూటాలు లెక్కపెట్టి ఇచ్చీ ఉన్న చెల్లెలు మేస్త్రమ్మ అయింది. పేరు ఎవరూ పెట్టలేదు, దానంతటదే వచ్చి అంటుకుంది.

ఆమె చాప పక్కన గొంతుక్కూచుని పిట్ట చెయ్యి తీసి చూసింది. పాత గాటు మానకముందే దాని మీదే కొత్త గాటు. చిన్నది, వంకీ తిరిగి, ఎవరో గోటితో గిల్లినట్టు. స్కోపు చేసే గాయం అలాగే ఉంటుంది. స్కోపంటే రైఫిల్ మీద బిగించే దుర్భిణి. పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నుతుంది. కన్ను మరీ దగ్గరగా ఉంటే ఆ దుర్భిణి అంచు వచ్చి కనుబొమ్మని కొరుకుతుంది.

"ఓర్చుకో, మండుతుంది."

"బట్టీ దగ్గర బతికేదాన్ని మేస్త్రమ్మా. మంటల గురించి నాకు చెప్తారా?"

పిట్ట రొట్టెల బట్టీలో పనిచేస్తుంది. మధ్యాహ్నానికి పని ముగించుకుని, జుట్టులో పిండి దులుపుకోకుండానే కాల్పుల రేంజికి వచ్చేస్తుంది. అయిదడుగులు కూడా లేని మనిషి, అందుకే ఆ పేరు. సొంత రైఫిల్ లేదు, క్లబ్బు రైఫిలే వాడుతుంది. పోయిన ఏడాది పడుకుని కాల్చే పోటీలో ఆమె పది తూటాలు చేసిన కన్నాలన్నిటినీ ఒక్క సీసామూతతో మూసెయ్యవచ్చు. ఆ కాగితం ఆఫీసు గోడ మీద ఇంకా ఉంది. సీసామూత కూడా పక్కనే మేకుకి కొట్టి ఉంది. అది మేస్త్రి చేసిన పని.

"మేస్త్రమ్మా, ఒక్కసారి ఆ రైఫిల్ చూడండి," అన్నాడు కోచ్. "తప్పు దాందే అయితే ఈ అమ్మాయిని అనడం నాకిష్టం లేదు."

మేస్త్రమ్మ రైఫిల్‌ని గదిలోకి తీసుకెళ్ళింది. తూటా లేదని కంటితో చూసింది, వేలు పెట్టి కూడా చూసింది. పరీక్షబల్ల మీద ఇసుకసంచులు సర్ది రైఫిల్‌ని వాటి మీద ఆనించింది. స్టూలు ముందుకి లాక్కుని కూచుని చెంప ఆనించింది. స్కోపులో బొమ్మ నిండుగా ఉంది, కడిగిన పళ్ళెంలా గుండ్రంగా, అంచుల్లో ఎక్కడా నల్లని నీడ లేదు. స్కోపుని పట్టి ఉంచే బిగింపుల మరల్ని పానాతో తిప్పి చూసింది. ఒక్కటీ వదులు లేదు. బిగింపు పక్కన, అది కూచున్న మెట్లుమెట్ల ఇనుప పట్టీ మీద, అన్నయ్య అగ్గిపుల్లతో గీసిన తెల్లరంగు గీత ఉంది. బిగింపు అంచు సరిగ్గా ఆ గీతని తాకుతూ ఉంది.

బల్ల దగ్గరి కిటికీలోంచి మూడు తూటాలు కాల్చింది. మూడూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడ్డాయి.

ఆ కాగితం తెచ్చి కోచ్ చేతికిచ్చింది. "రైఫిల్లో తప్పేం లేదండి."

కోచ్ కాగితాన్ని పిట్టకి చూపించాడు. పిట్ట దాన్ని చూసి, మేస్త్రమ్మని చూసి, దూది ఇంకాస్త గట్టిగా నొక్కుకుంది.

"మీరు చూశారుగా. అయితే నాదే," అంది.

శుక్రవారం సాయంత్రానికి జట్టు పేర్లు పంపాలి. పిట్ట బదులు కాంపౌండరుని వేద్దామనుకుంటున్నట్టు కోచ్ చెప్పాడు. కాంపౌండరు గొప్పగా కాల్చడు గాని చెడగొట్టడు. మెడ పొడుగు కాబట్టి జిరాఫీ అని పిలిచే, ఉత్తరాలు పంచే ఆయన, తన సంచీ సర్దుకుంటూ మెల్లగా అన్నాడు: "మేస్త్రి పోయాక ఆ పిల్ల జడుసుకుంది పాపం."

ఆ మాట మేస్త్రమ్మకి నచ్చింది. అన్నయ్య పోయినందుకు ఇంకొకరి చెయ్యి కూడా వణుకుతోందంటే, తప్పని తెలిసినా, ఆమెకి కొంచెం ఊరటగానే అనిపించింది.

*

ఇంటికి వెళ్ళేసరికి ముందుగదిలో రంపంపొట్టు ఉంది. వదిన దాన్ని చీపురుతో ఒక మూలకి తోస్తోంది.

అన్నయ్య కుర్చీ పొట్టిదైపోయింది.

ఆయన ఆరడుగుల మనిషి. కొట్లో దొరికే కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయని, ఎత్తుగా చేయించుకున్న కర్రకుర్చీ అది. మూడు నెలలుగా మేస్త్రమ్మ దాన్ని రోజూ తుడుస్తోంది. ఎవర్నీ కూచోనివ్వలేదు, తనూ కూచోలేదు.

"ఎవరు కోశారు?"

"ఇంకెవరు? నేనే. మీ అన్నయ్య రంపంతోనే," అంది వదిన. "కూచుంటే కాళ్ళు గాల్లో వేలాడుతున్నాయి. నాకేమన్నా ఉయ్యాల కావాలా ఈ వయసులో?"

"అడగాలనిపించలేదా వదినా నీకు?"

"ఎవర్ని? నిన్నా, కుర్చీనా?"

మేస్త్రమ్మ వంగి, కోసిన ముక్కలు నాలుగూ ఏరుకుంది. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడి, చివరికి తన పనిసంచీలో వేసుకుంది. వదిన అది చూసింది. నవ్వబోయి ఆగిపోయింది.

"కాళ్ళు సమంగా రాలేదు," అంది కాసేపటికి, తప్పు ఒప్పుకుంటున్నట్టు. "ఒకటి ఊగుతోంది. కింద కాగితం మడిచి పెట్టాను."

భోజనం దగ్గర వదిన అడక్కుండానే పెరుగుగిన్నె ఇటు జరిపింది. మేస్త్రమ్మ అడక్కుండానే మంచినీళ్ళ గ్లాసు అటు జరిపింది. కోపాలు వచ్చినప్పుడు కూడా ఆ ఇంట్లో ఎవరి వాటా పనులు వాళ్ళు చేసుకుపోతారు.

*

మర్నాడు పిట్ట వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. నిలబడి అయిదు తూటాలు కాల్చింది. బాగానే పడ్డాయి. మోకాలి మీద కూచుని అయిదు కాల్చింది. ఫరవాలేదు. ఆ తరవాత చాప పరుచుకుని, చాప అంచులు సరిచేసుకుని, మళ్ళీ సరిచేసుకుని, అప్పుడు పడుకుంది.

మేస్త్రమ్మ గది గుమ్మంలో నిలబడి రైఫిల్ గొట్టం తుడిచే పొడుగుకడ్డీకి గుడ్డ చుడుతోంది. చుడుతూనే చూస్తోంది. జడుసుకునే మనిషైతే నిలబడినప్పుడూ జడుసుకోవాలి కదా అనిపించింది. పిట్ట చెంప ఆనించింది. ఆనించాక మెడని మెల్లగా వెనక్కి లాక్కుంది, తాబేలు తల లోపలికి లాక్కున్నట్టు. భుజాలు బిగుసుకున్నాయి. అంత చిన్న వీపు మీద రెండు ఎముకలు పైకి లేచాయి. తూటా పేలేలోగా ఆ మెడ వణకడం గుమ్మందాకా కనిపించింది.

పిట్ట వెళ్ళిపోయింది. రేంజి ఖాళీ అయింది. మేస్త్రమ్మ తలుపు దగ్గరగా వేసి, రైఫిల్‌ని ఖాళీ చేసి, రెండుసార్లు చూసుకుని, చాప దగ్గరికి తెచ్చింది. ముప్పై ఏళ్ళలో ఆమె ఆ చాపల్ని ఎండలో వేసింది, దులిపింది, చిరుగులు కుట్టింది. వాటి మీద ఒక్కసారీ పడుకోలేదు. కాల్చడం ఆమె పని కాదు. పరీక్ష కాల్పులు కాల్చడం కూడా పోయిన ఏడాదినుంచే, అన్నయ్య చేతులు వణకడం మొదలయ్యాకే వచ్చింది. అదీ బల్ల దగ్గర, స్టూలు మీద.

మోకాళ్ళు నొప్పంటుంటే ఒకటొకటే దించి బోర్లా పడుకుంది. మోచేతులు ఆనించింది. రైఫిల్ భుజానికి చేర్చి, తల వంచింది.

కనుబొమ్మకి చల్లగా ఇనుము తగిలింది.

ఆమె ఉలిక్కిపడి తల ఎత్తింది. మళ్ళీ వంచింది. మళ్ళీ తగిలింది. బల్ల దగ్గర కూచుంటే నడుం నిటారుగా ఉంటుంది, తల వెనక ఉంటుంది. ఇక్కడ ఒళ్ళంతా ముందుకి సాగుతుంది, దానితోపాటు తలా జారుతుంది. పళ్ళెంలా నిండుగా కనిపించిన బొమ్మ, ఇక్కడ అంచులు నల్లబడి అటూ ఇటూ కొట్టుకుంటోంది. వేళ్ళు పెట్టి చూసింది. తన కంటికీ స్కోపు అద్దానికీ మధ్య ఒక్క వేలే పట్టింది. నాలుగు వేళ్ళ ఎడం ఉండాలనేవాడు అన్నయ్య, తన వేళ్ళతో. ఆయన నాలుగు వేళ్ళు అంటే ఆమెవి అయిదు.

నిన్న తను బల్ల దగ్గర కూచుని, సుఖంగా చూసి, తప్పేం లేదని చెప్పింది. చాప మీదికి ఒక్కసారి వంగి ఉంటే సరిపోయేది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. అన్నయ్య పోయిన రెండో వారంలో జిరాఫీ వచ్చి, స్కోపు నాకొక్క మెట్టు ముందుకి జరుపుతారా అని అడిగాడు. "అది అన్నయ్య పెట్టిన గీత. అక్కణ్ణించి కదలదు," అందామె. అంత గట్టిగా ఎందుకందో ఆమెకే తెలీదు. కోచ్ ఒకప్పుడు పిస్తోలు ఆటగాడు, రైఫిళ్ళ సంగతి మేస్త్రికే వదిలేసేవాడు. ఆయన కూడా తల ఊపాడు. ఆ తరవాత ఆ స్కోపు జరపమని ఎవరూ అడగలేదు. పిట్ట కూడా అడగలేదు.

*

గురువారం మధ్యాహ్నం మేస్త్రమ్మ బట్టీ దగ్గరికే వెళ్ళింది. పిట్ట రేకుల్ని కడిగి బోర్లిస్తోంది.

"ఏంటి మేస్త్రమ్మా, రొట్టెలకా? అయిపోయాయి."

"నీకోసమే. రా, ఒకసారి పడుకోవాలి నువ్వు."

"అబ్బ, ఆ మాట బట్టీలో ఎవరన్నా అంటే వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెడతాను," అంటూ పిట్ట ఏప్రాను విప్పింది.

చాప మీద పిట్ట పడుకుంది. రైఫిల్లో తూటా లేదు. మేస్త్రమ్మ పక్కన కూలబడి, స్కోపు బిగింపుల మరల్ని పానాతో సగం వదులు చేసింది. తెల్లగీత మీదుగా బిగింపు జరిగినప్పుడు ఆమె చెయ్యి కొంచెం ఆగింది.

"మెడ వెనక్కి లాక్కుంటున్నావు."

"లాక్కోకపోతే కొరుకుతుంది కదండీ."

"తెలుసు. ఇప్పుడు తూటా లేదు, కొరకదు. అయినా నీ మెడ నన్ను నమ్మదు. అందుకని కళ్ళు మూసుకో. వెతక్కు. చెంప ఎక్కడ పడితే అక్కడ పడనీ. నేను తెరవమన్నప్పుడు తెరువు."

పిట్ట కళ్ళు మూసుకుంది. భుజాలు దిగాయి. మెడ నెమ్మదిగా ముందుకి సాగి చెంప కర్ర మీద వాలింది.

"మేస్త్రిగారు కూడా ఇలాగే అనేవారు," అంది కళ్ళు మూసుకునే. "కాల్చే ముందు ప్రతిసారీ కళ్ళు మూసుకోమనేవారు. మనసు కుదురుకోడానికేమో అనుకునేదాన్ని. టిక్కుమని ఏదో చప్పుడయ్యేది, తెరువు అనేవారు."

మేస్త్రమ్మ చెయ్యి బిగింపు మీదే ఉండిపోయింది.

"ఏం చప్పుడు?"

"ఏమో. చిన్నది. టిక్కు, టిక్కు. జిరాఫీని కూడా అలాగే మూసుకోమనేవారు. ఆయన ఒకసారి గురకపెట్టాడు కూడా."

మేస్త్రమ్మ బిగింపుని ఒక్క మెట్టు ముందుకి నెట్టింది. టిక్కుమంది.

"అదే," అంది పిట్ట, కళ్ళు మూసుకుని నవ్వుతూ.

అప్పుడు మేస్త్రమ్మకి ఆ రోజు గుర్తొచ్చింది. గుర్తు రావడమంటే, మరిచిపోయింది కాదు. మూడు నెలలుగా రోజూ తలుచుకుంటున్నదే. అన్నయ్య అప్పటికే రైఫిల్ ఎత్తలేడు. ఆమెని స్టూలు మీద కూచోబెట్టి, తను వెనక నిలబడి, ఆమె భుజం మీద ఊతగా చెయ్యి వేశాడు.

"చిట్టీ, కళ్ళు మూసుకో."

"ఏంటన్నయ్యా, దాగుడుమూతలా?"

"ఊఁ, దాగుడుమూతలే. చెంప ఎక్కడ పడితే అక్కడ పడనీ. ఆఁ. ఇప్పుడు తెరువు. కనిపిస్తోందా?"

"నిండుగా ఉంది."

"పెన్సిలు గీత నాకు ఆనడం లేదే. ఆ తెల్లరంగు ఇలా తే. ఇకనుంచి పరీక్షలన్నీ నువ్వే చెయ్యాలి."

వణికే చేత్తో అగ్గిపుల్ల ముంచి గీశాడు. గీత చివర కొంచెం వంకర పోయింది. ఆ రోజు ఆయన రైఫిల్‌ని అందరికోసం, ఎప్పటికీ ఉండేలా సరిచేసి వెళ్ళాడనుకుంది ఆమె. అందుకే దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఆయన మాత్రం రోజుకి పదిసార్లు, మనిషికోసారి, ఎవరూ చూడకుండా జరిపినవాడు. పెన్సిలు గీతలు గీసి తుడిచేసినవాడు. ఆ ఒక్క తెల్లగీత, బల్ల దగ్గర స్టూలు మీద కూచునే చెల్లెలి కంటికోసం గీసింది.

"మేస్త్రమ్మా, నేను నిద్రపోనా?"

"తెరువు."

"అంచు ఇంకా నల్లగా ఉంది."

టిక్కు. "ఇప్పుడు?"

"తగ్గింది."

టిక్కు. "ఇప్పుడు?"

"నల్లగా లేదు గాని బొమ్మ చిన్నబోయింది. చుట్టూ ఉంగరం కట్టినట్టుంది."

ఒక మెట్టు వెనక్కి. పిట్ట ఊపిరి వదలడం వినిపించింది.

"వచ్చింది," అంది. "ఇదిగో, ఇదీ. ఎక్కడికి పోయిందిది ఇన్నాళ్ళూ?"

మేస్త్రమ్మ పెన్సిలుతో సన్నగా గీసి, కంటికీ అద్దానికీ మధ్య వేళ్ళు పెట్టి చూసింది. నాలుగు వేళ్ళు, బొటనవేలు కలిపి. తరవాత పిట్టని మోకాలి మీద కూచోబెట్టింది. రెండు మెట్లు వెనక్కి, ఒక గీత. నిలబెట్టింది. ఇంకొక మెట్టు వెనక్కి, ఇంకొక గీత. జరిపిన ప్రతిసారీ గురి వెంట్రుకంత తప్పుతుంది కాబట్టి లెక్కలోకి రాని తూటాలతో ముందు సరిచూసుకోవాలని చెప్పింది. పోటీలో ఒక తీరు ముగిశాక ఇంకొక తీరుకి మారడానికి సమయం ఇస్తారు. ఆ సమయంలో జరపడం ఎలాగో పిట్ట చేతే నాలుగుసార్లు చేయించింది.

అన్నీ అయ్యాక తెల్లగీతని చూపించి, అది ఎవరిదో చెప్పింది. తను మంగళవారం ఎక్కడ కూచుని చూసిందో కూడా చెప్పింది. ఏ మాటా తగ్గించలేదు.

పిట్ట కనుబొమ్మ తడుముకుంటూ ఆలోచించింది.

"అంటే మూడు నెలలుగా నేను మీ కళ్ళజోడు పెట్టుకుని కాలుస్తున్నానన్నమాట."

"అన్నమాటే."

"మరి ఆ మాట మంగళవారమే నా మొహాన అంటే, దూది ఖర్చన్నా తప్పేది కదండీ," అంది పిట్ట. ఇంకేదో అనబోయి, మేస్త్రమ్మ మొహం చూసి, జుట్టులోంచి పిండి దులుపుకోవడం మొదలుపెట్టింది.

*

శుక్రవారం సాయంత్రం కోచ్ బల్ల మీద పేర్ల కాగితం ఉంది. కాంపౌండరు, జిరాఫీ, ఇంకా అయిదారుగురు చుట్టూ ఉన్నారు. మేస్త్రమ్మ అందరి ముందే చెప్పింది. గదిలోకి పిలిచి చెప్పొచ్చు. కాని పిట్టని పిరికిదన్నది అందరి ముందు.

"రైఫిల్లో తప్పేం లేదన్నానండి. నేను కూచుని చూసి అన్నాను. ఆ అమ్మాయి పడుకుని కాలుస్తుంది. స్కోపు నా కంటికి పెట్టి ఉంది. దాన్ని ముట్టుకోడానికి భయపడింది నేను, ఆ అమ్మాయి కాదు."

కోచ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేనన్నా అడగాల్సింది," అన్నాడు. "మేస్త్రి గీత అనేసరికి నాకూ నోరు రాలేదు." తరవాత పిట్టవైపు తిరిగాడు. "పది కాల్చమ్మా. పడుకునే."

పిట్ట చాప పరిచింది. అంచులు ఒక్కసారే సర్దింది. మొదటి పెన్సిలు గీత దగ్గరికి బిగింపు జరిపి, మరలు బిగించి, మూడు తూటాలతో సరిచూసుకుంది. అప్పుడు కళ్ళు మూసుకుంది. ఎవరో ఇబ్బందిగా దగ్గారు. పిట్ట కళ్ళు తెరిచింది.

పదీ కాల్చేదాకా మేస్త్రమ్మ గురివైపు చూడలేదు. పిట్ట వీపు చూస్తూ నిలబడింది. ఎముకలు పైకి లేవలేదు.

గొట్టానికి కన్ను ఆనించిన కోచ్ ఆనించే ఉండిపోయాడు. కాంపౌండరుకి ఓపిక పట్టలేదు. ఆయన్ని పక్కకి జరిపి తనూ చూశాడు.

"ఆదివారం నాకు ఆస్పత్రిలో డ్యూటీ ఉందండోయ్," అన్నాడు. "నా పేరు కొట్టెయ్యండి."

"నిన్న లేదన్నావుగా?"

"ఇప్పుడే పడింది."

పిట్ట లేచి కూచుని కనుబొమ్మ తడుముకుంది. వేళ్ళు చూసుకుంది. పొడిగా ఉన్నాయి. జిరాఫీ ఆఫీసులోకి వెళ్ళి సీసామూత ఊడదీసుకుని వచ్చాడు. గురికాగితం మీద దాన్ని అటూ ఇటూ జరిపాడు. తొమ్మిది కన్నాలు మూసుకున్నాయి. ఒకటి కొంచెం బయటికి కనిపిస్తూనే ఉంది.

"అది మేస్త్రమ్మ వాటా," అంది పిట్ట.

పేర్లు పంపాక జిరాఫీ మేస్త్రమ్మ గదిలోకి తల పెట్టాడు. "నాకు కూడా ఒక్క మెట్టు..." అన్నాడు, రెండున్నర నెలల కిందట ఎక్కడ ఆపాడో అక్కణ్ణించే.

"కూచోండి. కళ్ళు మూసుకోండి," అంది మేస్త్రమ్మ. "గురకపెట్టకండి."

చివర పని ముగించి తాళం వేసేముందు ఆమె బిగింపుని వెనక్కి జరిపి, వంకర తిరిగిన తెల్లగీతకి చేర్చింది. స్టూలు మీద కూచుని, కళ్ళు మూసుకుని, చెంప ఆనించి, తెరిచింది. బొమ్మ నిండుగా ఉంది. కాసేపు చూసి స్కోపుకి మూత పెట్టింది.

ఇంటికి వెళ్ళేసరికి వదిన ఆ కుర్చీలోనే కూచుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆడపడుచుని చూసి చటుక్కున లేవబోయింది. కుర్చీ ఊగింది.

"లేవకు వదినా."

"ఎందుకే?"

"నువ్వు కూచుని ఉంటేనే తెలుస్తుంది."

మేస్త్రమ్మ సంచీలోంచి ఆకురాయి తీసింది. దానితోపాటు కుర్చీకాళ్ళ ముక్కలు నాలుగూ బయటికి దొర్లాయి. వాటిలో ఒకదాన్నుంచి పల్చటి పెచ్చు ఊడదీసి, కింద మడిచిపెట్టిన కాగితం లాగేసి, పొట్టికాలు కింద పెట్టి చూసింది. కాస్త ఎక్కువైంది. నేల మీద చతికిలబడి, పెచ్చుని మోకాలికి ఆనించి ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టింది.

వదిన చేటని ఒళ్ళో పెట్టుకుని, ఎటూ కదలకుండా కూచుంది. ఆమె పాదాలు రెండూ నేలకి ఆని ఉన్నాయి.